వాళ్ళు కాదని తేల్చుకునే విద్య

1960 ఏప్రిల్ 8. అమెరికాలో వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఉన్న గ్రీన్‌బ్యాంక్ రేడియో పరిశోధనశాలలో ఇరవై తొమ్మిదేళ్ళ ఫ్రాంక్ డ్రేక్ తెల్లవారకముందే 26 మీటర్ల డిష్ యాంటెన్నాను టావు సెటి అనే నక్షత్రం వైపు తిప్పి కూర్చున్నారు. ఆ నక్షత్రం అస్తమించేదాకా చడీచప్పుడూ లేదు. తర్వాత డిష్‌ను ఎప్సిలాన్ ఎరిడాని వైపు తిప్పారు. కొద్ది నిమిషాలకే సెకనుకు ఎనిమిది చొప్పున బలమైన స్పందనలు మొదలయ్యాయి. రికార్డరు సూది ఎగిరెగిరి పడింది.

ఆ క్షణంలో డ్రేక్ బృందం పత్రికలకు ఫోన్ చేయలేదు. డిష్‌ను నక్షత్రం మీది నుంచి పక్కకు జరిపింది. చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ నక్షత్రం మీదికి తెచ్చింది. ఈసారి ఏమీ వినిపించలేదు. అది నక్షత్రం నుంచే వచ్చిందా, లేక సరిగ్గా అదే సమయానికి తనంతట తాను ఆగిపోయిందా? తేల్చుకోవడానికి ఒక చిన్న యాంటెన్నాను కిటికీలోంచి బయటికి పెట్టారు. కొన్నాళ్ళకు అదే స్పందన మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ చిన్న యాంటెన్నాలోనూ మోగింది. ఏ నక్షత్రం వైపూ గురిపెట్టని యాంటెన్నాలో వినిపించిందంటే అది నక్షత్రం మాట కాదు. ఎత్తున ఎగిరే ఏదో విమానం చేసిన సందడి అయి ఉంటుందని నిర్ధారించారు.

వేరే లోకపు బుద్ధిజీవుల కోసం రేడియో టెలిస్కోప్‌తో సాగిన అన్వేషణ అలా తొలి రోజే ఒక తప్పుడు కబురుతో మొదలైంది. ఆరున్నర దశాబ్దాలుగా అదే వరస. బయట ఎవరో ఉన్నారనడానికి ఊహ చాలు. ఎవరూ లేరనడానికీ అంతే. వచ్చిన ప్రతి కబురునూ పట్టుకుని, అది వాళ్ళది కాదని ఆధారంతో తేల్చడమే అసలు పని. ఈ రంగంలో ఇంతవరకు జరిగిన గొప్ప పనంతా దాదాపు అదే.

ఎక్కడ వినాలి, దేన్ని వినాలి

డ్రేక్ కన్నా కొద్ది నెలల ముందే, 1959 సెప్టెంబరులో, కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జుసెప్పే కొక్కోని, ఫిలిప్ మారిసన్ 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం రాశారు. నక్షత్రాల మధ్య మాట పంపాలంటే రేడియో తరంగాలను మించిన సాధనం లేదన్నది వాళ్ళ వాదన. అవి కాంతి వేగంతో పోతాయి, దారిలో ధూళి మేఘాలను దాటుకుపోతాయి, ఖర్చయ్యే శక్తీ తక్కువే. మరి లెక్కలేనన్ని పౌనఃపున్యాల్లో ఏది? విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మూలకం హైడ్రోజన్. దాని పరమాణువు సహజంగా 1420 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాలను వెలువరిస్తుంది. ఏ లోకంలో ఖగోళశాస్త్రం పుట్టినా అక్కడివాళ్ళకు ఈ అంకె తెలిసే తీరాలి కాబట్టి ముందు అక్కడ వెతకమన్నారు. డ్రేక్ స్వతంత్రంగా ఎంచుకున్నదీ అదే పౌనఃపున్యం. దానికి మరో అనుకూలత ఉంది. ఒక గిగాహెర్ట్జ్‌కు బాగా కిందికి పోతే పాలపుంత రొద, పది దాటితే మన వాతావరణంలోని నీటి ఆవిరి రొద. ఆ రెండింటి మధ్యనున్న ప్రశాంతమైన భాగంలో ఉంది ఈ 1420. నేటికీ 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారాలు చేయకూడదన్నది అంతర్జాతీయ నియమం.

వినిపించినది ప్రకృతి చేసిన శబ్దమా, యంత్రం చేసిందా అన్నది ఎలా చెప్పాలి? ఇరుకుతనాన్ని బట్టి. నక్షత్రాలు, వాయుమేఘాలు వెలువరించే రేడియో తరంగాలు విస్తారమైన పౌనఃపున్యాల మీద పరుచుకుని ఉంటాయి. ప్రకృతిలో అతి ఇరుకైనవి కూడా వందల హెర్ట్జ్ వెడల్పు ఉంటాయి. ఒక్క హెర్ట్జ్ వెడల్పులో శక్తినంతా కూడదీసుకున్న సంకేతం కనబడితే వెనుక ట్రాన్స్‌మిటర్ ఉన్నట్టే. ఇక రెండో గుర్తు, పౌనఃపున్యం నెమ్మదిగా జారడం. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, కనుక భూమి మీది టెలిస్కోప్ ఆకాశంలోని మూలంతో పోలిస్తే నిరంతరం వేగం మార్చుకుంటూ ఉంటుంది. అందువల్ల దూరం నుంచి వచ్చే సంకేతం ఒకే చోట నిలవదు, కొద్దికొద్దిగా జరుగుతుంది. టెలిస్కోప్ పక్కనే ఉన్న ఫోన్ టవర్‌కు ఆ జారుడు ఉండదు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. పుణే దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్ఫై ఉన్న జీఎంఆర్‌టీ మన దేశపు అతి పెద్ద రేడియో టెలిస్కోప్. 2016 అక్టోబరు 19న యూరప్ పంపిన షియాపరెల్లీ అనే ల్యాండర్ అంగారకుడి మీదికి దిగుతుండగా, దాని చిన్న ట్రాన్స్‌మిటర్ పంపిన సంకేతాన్ని జీఎంఆర్‌టీ నేరుగా పట్టుకుంది. మధ్యలో దాదాపు 17.5 కోట్ల కిలోమీటర్ల దూరం. తెర మీద సన్నని గీత, ల్యాండర్ వేగం మారుతున్నకొద్దీ వంపు తిరుగుతున్న గీత. నేలను తాకాల్సిన సమయానికి కాస్త ముందు ఆ గీత తెగిపోయింది. ల్యాండర్ కూలిపోయిందని తర్వాత తేలింది. మరో గ్రహం దగ్గర ఒక యంత్రం మాట్లాడితే భూమి మీద ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. అన్వేషకులు వెతికేదీ ఇలాంటి గీతకోసమే. తేడా ఒక్కటే, దాన్ని గీసింది మనం అయ్యుండకూడదు.

నాలుగు కబుర్లు

1967లో కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్, రికార్డరు కాగితాల మీద 1.337 సెకన్లకొకసారి క్రమం తప్పకుండా వస్తున్న స్పందనను గుర్తించారు. అంతకుముందు ప్రకృతిలో అంత కచ్చితమైన గడియారాన్ని ఎవరూ చూడలేదు. పరిశోధకులు సగం వేళాకోళంగా దానికి 'చిన్న పచ్చ మనుషులు' అని పేరు పెట్టారు. వేళాకోళం అలా ఉంచి లెక్క కట్టారు. పంపేవాళ్ళు ఏదైనా గ్రహం మీద ఉంటే, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు స్పందనల మధ్య వ్యవధి మారాలి. భూమి కదలిక తప్ప మరే కదలికా లెక్కలో కనబడలేదు. ఆ డిసెంబరులో ఆకాశంలో మరో మూల నుంచి అలాంటిదే ఇంకొకటి బెల్ కంటబడింది. వేర్వేరు మూలల్లో ఉన్న రెండు నాగరికతలు ఒకేసారి మనల్నే, ఒకే పద్ధతిలో పిలవడం జరిగే పని కాదు. అవి వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు, పల్సార్‌లు. 'వాళ్ళు కాదు' అని తేలినచోట ఖగోళశాస్త్రానికి కొత్త అధ్యాయమే దొరికింది.

రెండో కబురు ఇంకా తేలలేదు. 1977 ఆగస్టు 15న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన 'బిగ్ ఇయర్' టెలిస్కోప్‌లో ఒక సంకేతం నమోదైంది. ఆ కాలపు కంప్యూటర్ సంకేత బలాన్ని ఒక్కొక్క అక్షరంగా అచ్చువేసేది. తొమ్మిది వరకు అంకెలు, పది నుంచి ఇంగ్లీషు అక్షరాలు. కొన్నాళ్ళకు ఆ కాగితాలు తిరగేస్తున్న జెర్రీ ఎమన్‌కు ఒక నిలువు వరుసలో ఆరు, పద్నాలుగు, ఇరవై ఆరు, ముప్ఫై, పంతొమ్మిది, ఐదు విలువలకు గుర్తులైన ఆరు అక్షరాలు కనిపించాయి. నేపథ్య రొదకన్నా ముప్ఫై రెట్లు బలం. వాటి చుట్టూ ఎర్ర కలంతో సున్నా చుట్టి పక్కన 'వావ్!' అని రాశారు. ఆ టెలిస్కోప్ కదలదు, భూభ్రమణంతో ఆకాశమే దాని ముందు నుంచి సాగిపోతుంది. ఏ నక్షత్రమైనా దాని చూపులోంచి దాటిపోవడానికి పట్టే సమయం 72 సెకన్లు. ఈ సంకేతమూ కచ్చితంగా 72 సెకన్లలో పెరిగి తగ్గింది. ఆకాశం నుంచే వచ్చిందనడానికి అది బలమైన సాక్ష్యం. అయితే ఆ టెలిస్కోప్‌కు రెండు గ్రాహకాలున్నాయి. కొద్ది నిమిషాల తేడాతో రెండింటిలోనూ కనబడాల్సిన సంకేతం ఒక్కదానిలోనే కనబడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు, ఎన్ని టెలిస్కోప్‌లతో వెతికినా మళ్ళీ రాలేదు. చల్లని హైడ్రోజన్ మేఘం ఒక్కసారిగా వెలిగి ఉండవచ్చని 2024లో ఒక ప్రతిపాదన వచ్చింది. దానికీ పూర్తి నిరూపణ లేదు. మళ్ళీ రానిదాన్ని పరీక్షించే మార్గం లేదు కాబట్టి, ఎంత ఉత్సాహం కలిగించినా అది సాక్ష్యం కిందికి రాదు.

మూడోది ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌లో జరిగింది. 1998 నుంచి అక్కడ అప్పుడప్పుడూ సెకను కూడా నిలవని వింత మెరుపులు నమోదయ్యేవి. అదే టెలిస్కోప్ సమాచారంలో గెలాక్సీ అవతలి నుంచి వచ్చినట్టు 2007లో ప్రకటించిన ఒక రేడియో మెరుపుకు ఇవి పోలికగా ఉండటంతో, అసలు దాని మీదే అనుమానాలు మొదలయ్యాయి. వింత మెరుపులు మాత్రం పనివేళల్లోనే, అందులోనూ మధ్యాహ్న భోజనం వేళల్లో ఎక్కువ. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం గుట్టు రట్టు చేసింది. పరిశోధనశాలలోని మైక్రోవేవ్ ఓవెన్‌లో వంట పూర్తికాకముందే ఎవరో తలుపు తీస్తే, డిష్ ఆ దిక్కుకు తిరిగి ఉన్నప్పుడు ఆ మెరుపు పుడుతోంది! అయితే 2007 నాటి మెరుపు నిజంగానే సుదూరం నుంచి వచ్చిందని, దాని జాతివి ఎన్నో ఉన్నాయని తర్వాత రుజువైంది. ఓవెన్‌ను వేరుచేశారు కాబట్టే అసలైనది నిలబడింది.

నాలుగోది మరింత నమ్మించింది. 2015లో యూరీ మిల్నర్ పది కోట్ల డాలర్లతో ప్రారంభించిన 'బ్రేక్‌త్రూ లిసన్' ప్రాజెక్టు, 2019లో అదే పార్క్స్ డిష్‌తో సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని పరిశీలించింది. 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుకైన సంకేతం దొరికింది. జారుడు ఉంది. డిష్ నక్షత్రం మీద ఉన్నప్పుడు ఉంది, పక్కకు జరిపితే లేదు. పరీక్షలన్నీ గట్టెక్కింది. విషయం 2020 డిసెంబరులో బయటికి పొక్కి ప్రపంచమంతా మారుమోగింది. సోఫియా షేక్ బృందం ఓపికగా పాత సమాచారమంతా జల్లెడ పట్టి, అదే పోలికలున్న సంకేతాలను మరో అరవై దాకా వేర్వేరు పౌనఃపున్యాల్లో పట్టుకుంది. వాటిలో కొన్ని డిష్ పక్కకు తిరిగి ఉన్నప్పుడు కూడా ఉన్నాయి. మన ఎలక్ట్రానిక్ పరికరాల రొదే అది. పక్కకు తిప్పినప్పుడల్లా అది లేకపోవడం కాకతాళీయం.

హైదరాబాద్ బెలూన్

ఇదే జాగ్రత్త మన దగ్గరా కనిపించింది. అక్కడ వెతికింది బుద్ధిజీవుల్ని కాదు, సూక్ష్మజీవుల్ని. జీవబీజాలు అంతరిక్షం నుంచి భూమికి వచ్చి ఉండవచ్చన్న ఊహను పరీక్షించడానికి జయంత్ నార్లీకర్ నేతృత్వంలోని శాస్త్రవేత్తలు 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఒక భారీ బెలూన్‌ను ఎగరేశారు. క్రిములు లేకుండా శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి వాటిలోకి చేరి గడ్డకట్టింది. ఆ నమూనాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీలోను, పుణేలోని కణశాస్త్ర కేంద్రంలోను పరీక్షించారు. అంతకుముందు ఎవరికీ తెలియని మూడు బ్యాక్టీరియా జాతులు దొరికినట్టు 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట పేరు పెట్టారు. మూడూ అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకునేవే. అంతటి కబురు చేతిలో ఉండి కూడా, ఇవి భూమి బయటివని ఈ ప్రయోగం రుజువు చేయడం లేదని అదే ప్రకటనలో ఇస్రో చెప్పింది. మూడూ భూమి మీది బ్యాక్టీరియా కుటుంబాలకు చెందినవే కనుక, ఇక్కడి నుంచే పైకి చేరి ఉండవచ్చు.

2025 ఏప్రిల్‌లో మరో వార్త వచ్చింది. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బి గ్రహపు వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కనిపించిందని భారత సంతతికి చెందిన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం వెల్లడించింది. భూమి మీద ఆ వాయువును ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. అదే సమాచారాన్ని తిరిగి విశ్లేషించిన ఇతర బృందాలు సాక్ష్యం చాలదన్నాయి. ఈ వాయువు తోకచుక్కలో కూడా దొరికింది, అంటే జీవం లేకుండానూ పుట్టగలదు. వాదన ఇంకా సాగుతోంది.

లెక్కలో చిక్కు

ఇంత శ్రమపడటానికి కారణం లేకపోలేదు. 1961లో గ్రీన్‌బ్యాంక్‌లో జరిగిన చిన్న సమావేశం కోసం డ్రేక్ ఒక సమీకరణం రాశారు. పాలపుంతలో ఏటా పుట్టే నక్షత్రాలు, వాటిలో గ్రహాలున్నవి, ఆ గ్రహాల్లో జీవానికి అనువైనవి, జీవం పుట్టినవి, బుద్ధి వికసించినవి, సంకేతాలు పంపే విద్య నేర్చినవి, చివరగా అలాంటి నాగరికత ఎంతకాలం నిలుస్తుందన్నది. ఈ ఏడింటినీ గుణిస్తే ప్రస్తుతం మాట్లాడగల నాగరికతల సంఖ్య వస్తుంది. అప్పటికి మొదటి అంశం తప్ప మిగతావన్నీ ఊహలే.

గ్రహాల సంగతి ఇప్పుడు తెలిసింది. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ 1995లో కనుక్కున్నారు. 2025 సెప్టెంబరు నాటికి నాసా జాబితాలో ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఆరువేలు దాటాయి. పాలపుంతలో సూర్యుడిలాంటి నక్షత్రాల చుట్టూ, నీరు ద్రవంగా నిలిచే దూరంలో ఉన్న రాతి గ్రహాలు తక్కువలో తక్కువ లెక్కన 30 కోట్ల దాకా ఉండవచ్చని కెప్లర్ టెలిస్కోప్ సమాచారంతో 2020లో అంచనా వేశారు.

చోటుకు లోటు లేదు. చిక్కంతా కాలంతోనే. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. జీవం పుట్టి కనీసం 350 కోట్ల ఏళ్ళయింది. అందులో అధికభాగం ఏకకణ జీవులదే. జంతువులు వచ్చి సుమారు 60 కోట్ల ఏళ్ళు, మన జాతి పుట్టి దాదాపు మూడు లక్షల ఏళ్ళు. రేడియో వాడటం మొదలై సుమారు 130 ఏళ్ళు. ఎవరో దూరం నుంచి భూమి చరిత్రలో ఏదో ఒక ఏడాదిని గుడ్డిగా ఎంచుకుని చెవి రిక్కిస్తే, మన రేడియో వినిపించే అవకాశం దాదాపు మూడున్నర కోట్లలో ఒక వంతు. జీవం నిండుగా ఉన్న గ్రహం మీదికే చూస్తూ 'ఇక్కడెవరూ లేరు' అనుకుని వెళ్ళిపోతారు. మనం చూస్తున్న గ్రహాల విషయంలోనూ ఇదే జరుగుతుండవచ్చు.

అందుకే 1950లో లాస్ అలమోస్‌లో భోజనం వేళ ఎన్రికో ఫెర్మి వేసిన ప్రశ్న, అంతమంది ఉంటే ఇన్నేళ్ళుగా ఒక్కరూ ఎందుకు కనిపించలేదన్నది, బలమైనదే గానీ తీర్పు కాదు. మనం వెతికినదెంత? దిశ, దూరం, పౌనఃపున్యం, సమయం, సంకేత బలం, ఇవన్నీ కలిపి లెక్కవేసిన జేసన్ రైట్ బృందం 2018లో ఒక పోలిక ఇచ్చింది. వెతకాల్సిందంతా భూమి మీది సముద్రాలనుకుంటే, ఇంతవరకు వెతికింది ఇంటి పెరట్లో కట్టుకునే పెద్ద నీటితొట్టిలో పట్టేటంత. ఆ తొట్టిలో చేప దొరకలేదని సముద్రంలో చేపలు లేవనలేం, ఉన్నాయనీ అనలేం.

మనం పంపినవి

మన మాట ఎవరికైనా చేరిందా? మామూలు టీవీ, ఎఫ్ఎం ప్రసారాలు నక్షత్రాల దూరానికి చేరేసరికి రొదలో కలిసిపోతాయి. కావాలని పంపినవాటిలో ప్రసిద్ధమైనది 1974 నవంబరు 16న అరెసిబో టెలిస్కోప్ నుంచి ఎం13 అనే నక్షత్ర గుచ్ఛానికి పంపిన 1679 బిట్ల సందేశం. అది అక్కడికి చేరడానికి దాదాపు 25 వేల ఏళ్ళు. జవాబు అందుకోవాల్సిన అరెసిబో డిష్ మాత్రం 2020 డిసెంబరులోనే కూలిపోయింది.

1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డులున్నాయి. 55 భాషల పలకరింపుల్లో తెలుగు ఒకటి. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉంది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1, ప్రాక్సిమాకు ఉన్నంత దూరం వెళ్ళాలంటే 70 వేల ఏళ్ళకు పైగా పడుతుంది. ఆ తెలుగు పలకరింపుకు జవాబు వస్తుందని ఎవరూ ఎదురుచూడటం లేదు.

ఒకవేళ నిజంగానే ఏదైనా వినిపిస్తే ఏం చేయాలన్న దానికి అంతర్జాతీయ వ్యోమయాన అకాడమీ 1989లోనే నియమాలు రాసింది. ముందు సొంతంగా సరిచూసుకోవాలి. ఇతర పరిశోధనశాలల చేత సరిచూపించాలి. రుజువైతే దాచకుండా ప్రపంచానికి చెప్పాలి. దేశాలన్నీ సంప్రదించుకోకుండా జవాబు పంపకూడదు. ఇవి చట్టం కాదు, శాస్త్రవేత్తలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు.

ఈ క్రమం చదువరికీ పనికొస్తుంది. 'గ్రహాంతరవాసుల సంకేతం దొరికింది' అన్న వార్త టీవీలోనో, ఫోన్‌లోనో మళ్ళీ తప్పక వస్తుంది. వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. అది మళ్ళీ వచ్చిందా? వేరే చోట, వేరేవాళ్ళ టెలిస్కోప్‌లో కూడా కనిపించిందా? అలాంటిదే డిష్ పక్కకు తిప్పినప్పుడు కూడా ఉందేమో వెతికారా? మూడింటికీ సరైన జవాబు ఇచ్చిన సంకేతం ఇంతవరకు ఒక్కటీ లేదు. ఇచ్చేది వచ్చిన రోజున ఎవరూ గొంతు చించుకుని నమ్మించాల్సిన పనుండదు. అంతవరకు, ఇంకా దొరకలేదు, ఇంకా పెద్దగా వెతకనూ లేదు అన్నదే నిజాయతీ గల సమాధానం.